కాలేజీకి రోజూ వెళ్లిరావాలా? హాస్టలులో ఉండాలా?

జూన్, జూలై నెలలు వచ్చాయంటే మా ఓ.పి.లో జ్వరాలు, దగ్గులతోపాటు మరొక ప్రశ్న కూడా వినబడుతూ ఉంటుంది. "మా పిల్లకు టౌనులో సీటు వచ్చిందండి. హాస్టలులో వేయమంటారా, ఇంటి నుండే పంపమంటారా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇది డాక్టరును అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి అనిపించవచ్చు. కాని పిల్లల నిద్ర, తిండి, రక్తం, మనసు ఈ నిర్ణయంతో ముడిపడి ఉన్నాయి. కావున ఈ సంచికలో ఈ విషయాన్ని వివరంగా చూద్దాం.

ఆమధ్య పొన్నూరు దగ్గర ఒక పల్లె నుండి తల్లిదండ్రులు తమ కూతురిని తీసుకొచ్చారు. అమ్మాయి గుంటూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. క్లాసులో నిద్రపోతోందని, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని తల్లి చెప్పింది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.4 గ్రాములు ఉంది. ఆ వయసు ఆడపిల్లలకు కనీసం 12 ఉండాలి. "హాస్టలులో వేద్దామంటే ఈయన ఒప్పుకోరండి" అన్నది తల్లి. "రోజూ కళ్లముందు ఉంటే మాకు నిశ్చింత కదండీ" అన్నాడు తండ్రి. ఇద్దరి మాటల్లోనూ ప్రేమే ఉంది. అమ్మాయి మాత్రం తలవంచుకొని కూర్చుంది. ఆమె సంగతి చివర్లో చెబుతాం.

ముందు గడియారంతో లెక్క వేయండి

పొన్నూరు నుండి గుంటూరు సుమారు 30 కిలోమీటర్లు. వినడానికి దూరం కాదు. కాని ఆ అమ్మాయి పల్లె నుండి పొన్నూరుకు ఆటో, అక్కడ బస్సు కోసం నిలబడటం, గుంటూరులో దిగి మళ్లీ ఆటో, ఇవన్నీ కలిపితే ఉదయం 6.30కు ఇల్లు వదిలితే కాలేజీ చేరేసరికి 8.30 అవుతుంది. సాయంత్రం 4.30కు బయలుదేరితే ఇంటికి 6.30. అంటే రోజుకు 4 గంటలు. నెలకు 24 రోజులు కాలేజీ అనుకుంటే 96 గంటలు, అనగా నెలలో 4 పూర్తి రోజులు రోడ్డుమీదే గడిచిపోతున్నాయి. కాబట్టి కిలోమీటర్లు లెక్కపెట్టకండి. గుమ్మం నుండి క్లాసు గది వరకు పట్టే సమయం లెక్కపెట్టండి.

ఇప్పుడు 24 గంటలను పంచి చూడండి. కాలేజీకి 8 గంటలు. ప్రయాణానికి 4. స్నానం, భోజనం, ఇంటి పనులకు 3. చదువుకు 2. మొత్తం 17. మిగిలినవి 7 గంటలు. 14 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటలు, 18 దాటిన యువతకు 7 నుండి 9 గంటలు నిద్ర అవసరం. అంటే డిగ్రీ పిల్లకు ఈ 7 గంటలు బొటాబొటిగా సరిపోతాయి. ఇంటర్ పిల్లకు అవీ చాలవు. ఆటకు, స్నేహితులకు, ఆరాధనకు ఒక్క నిమిషం కూడా ఉండదు. బస్సు ఒక అరగంట ఆలస్యమైతే ఆ అరగంట నిద్రలోంచే పోతుంది. మనం చెప్పుకొన్న అమ్మాయి రాత్రి 11.30కు పడుకొని ఉదయం 5 గంటలకు లేస్తోంది. అంటే నిద్ర అయిదున్నర గంటలే. ఇక క్లాసులో నిద్ర రాకుండా ఎలా ఉంటుంది?

నిద్ర తక్కువైతే చదివింది గుర్తుండదు, చిరాకు పెరుగుతుంది, తలనొప్పి వస్తుంది. "ఎంత చదివినా ఎక్కడం లేదు" అనే పిల్లలను ముందు ఎన్ని గంటలు పడుకుంటున్నారో అడగండి.

రోజూ ప్రయాణం చేసేవారికి వచ్చే ఇబ్బందులు

1. ఉదయం టిఫిను మానేయడం: తెల్లవారుజామున ఆకలి ఉండదు. మధ్యాహ్నం వరకు టీ, బిస్కెట్లతో సరిపెడతారు. ఇది రక్తహీనతకు దారితీసే అలవాటు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఇది మన ఇంటి సమస్య కాదని అనుకోకండి. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండు, గుప్పెడు వేరుశనగపప్పు ఉండలో చేతికి ఇచ్చి పంపండి. బస్సులోనైనా తింటారు.

2. నీళ్లు తాగకపోవడం: బస్టాండులో మరుగుదొడ్డి బాగుండదని చాలామంది ఆడపిల్లలు ఉదయం నుండి నీళ్లే ముట్టరు. మూత్రం బిగబట్టుకుంటారు. దీనివల్ల మూత్రంలో మంట, ఇన్ఫెక్షను, మలబద్ధకం వస్తాయి. కాలేజీ చేరగానే, తిరిగి బయలుదేరే ముందు మూత్రవిసర్జనకు వెళ్లడం అలవాటు చేసుకుంటే నీళ్లు తాగడానికి భయపడనక్కర లేదు.

3. క్యారేజి అన్నం: ఉదయం 5 గంటలకు వండిన అన్నం మధ్యాహ్నం 1 గంటకు తింటారు. ఎండాకాలంలో అది పాడై వాంతులు, విరేచనాలు కావచ్చు. రాత్రి మిగిలిన అన్నం క్యారేజిలో పెట్టకండి. పులిహోర, నిమ్మకాయ అన్నం వంటి పులుపు కలిపినవి కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి.

4. రోడ్డు ప్రమాదాలు: ఇది అన్నిటికన్నా ముఖ్యం. బస్సు బాధ పడలేక "బండి కొనివ్వండి" అని మగపిల్లలు పట్టుబడతారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. గేర్ల బండికి లైసెన్సు 18 ఏళ్లు నిండితేనే ఇస్తారు. మైనరుకు బండి ఇచ్చి ప్రమాదం జరిగితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. హెల్మెట్ నడిపేవారికే కాదు, వెనుక కూర్చున్నవారికీ తప్పనిసరి. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడటం, ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కొని కూర్చోవడం కూడా అంతే ప్రమాదం.

హాస్టలులో ఉండేవారికి వచ్చే ఇబ్బందులు

హాస్టలులో వేస్తే ప్రయాణం బాధ తప్పుతుంది కాని వేరే జాగ్రత్తలు అవసరమవుతాయి.

1. నీరు, ఆహారం: కలుషిత నీరు, ఆహారం వల్ల టైఫాయిడ్, పచ్చకామెర్లు వస్తాయి. పచ్చకామెర్లు కలిగించే హెపటైటిస్-ఎ సోకిన తరువాత లక్షణాలు కనబడటానికి 2 నుండి 7 వారాలు పడుతుంది. అందువల్ల సెలవులకు ఇంటికి వచ్చాక జబ్బు బయటపడి, "ఇంటికొచ్చాకే వచ్చింది" అని పొరపాటు పడుతుంటారు. టైఫాయిడ్‌కు, హెపటైటిస్-ఎకు టీకాలు ఉన్నాయి. హాస్టలుకు పంపేముందు మీ డాక్టరును అడగండి.

2. గజ్జి: ఒకే మంచం, దుప్పట్లు, తువాళ్లు పంచుకుంటే త్వరగా పాకుతుంది. రాత్రిళ్లు దురద ఎక్కువ. ఒక్కరే మందు రాసుకుంటే పోదు. గదిలో అందరూ ఒకేరోజు రాసుకోవాలి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి. సిగ్గుపడి దాచవద్దు.

3. దగ్గు: గాలి ఆడని గదిలో పదిమంది పడుకుంటే జలుబు, ఆటలమ్మ, క్షయ వంటివి సులభంగా వ్యాపిస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష తప్పక చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష, మందులు ఉచితం.

4. మనసు: మొదటి కొన్ని వారాలు ఇంటిమీద బెంగ సహజం. స్నేహితులు ఏర్పడగానే చాలామందికి తగ్గుతుంది. కాని తిండి మానేయడం, నిద్ర పట్టకపోవడం, ఫోనులో మాట్లాడటానికే ఇష్టపడకపోవడం, "నేను ఎందుకూ పనికిరాను" అనడం రెండు వారాలకు మించి ఉంటే అది బెంగ కాదు, వైద్యం కావలసిన దిగులు కావచ్చు. చనిపోతానని అంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. వెంటనే వెళ్లి పిల్లను కలవండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ర్యాగింగ్ విషయంలో 1800-180-5522కు ఫిర్యాదు చేయవచ్చు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ 1997 నుండి చట్టప్రకారం నేరం.

ఖర్చు సంగతి

హాస్టలు ఫీజు కళ్లకు కనబడుతుంది. ప్రయాణం ఖర్చు కనబడదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. మగపిల్లలకు విద్యార్థి బస్ పాసు ఉంది. అయితే రెండువైపులా ఆటోలు, బయట తినే టిఫిన్లు, బస్సు తప్పినరోజు ఖర్చు కూడా కాగితం మీద వేయండి. కేంద్ర ప్రభుత్వపు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో హాస్టలులో ఉండేవారికి, ఇంటి నుండి వెళ్లేవారికి ఇచ్చే మొత్తం వేరువేరుగా ఉంటుంది. ఫీజు కట్టేముందు కాలేజీ ఆఫీసులో కనుక్కోండి. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో చోటుందేమో కూడా అడగండి.

జబ్బు ఉన్న పిల్లల విషయంలో

మూర్ఛ (ఫిట్స్) ఉన్న పిల్లలకు నిద్ర తక్కువైతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. వారికి తెల్లవారుజాము ప్రయాణాలు మంచివి కావు. బండి నడపటం డాక్టరు అనుమతి లేకుండా వద్దే వద్దు. ఇన్సులిన్ తీసుకొనే పిల్లలకు ఫ్రిజ్ సౌకర్యం, వేళకు భోజనం ఉన్నచోటే సరిపడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి దుమ్ము, పొగ ఉన్న రోడ్డు ప్రయాణం, తేమ పట్టిన హాస్టలు గది రెండూ ఇబ్బందే. ఇన్‌హేలర్ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. ఎక్కడ ఉన్నా వార్డెన్‌కు, ఒక స్నేహితురాలికి లేక స్నేహితుడికి జబ్బు సంగతి చెప్పి ఉంచాలి. దాచడం వల్లనే ప్రమాదం.

హాస్టలు చూడటానికి వెళ్లినప్పుడు

ఆఫీసు గదిలో కూర్చొని వచ్చేయకండి. తాగునీళ్లు ఎక్కడి నుండి వస్తాయో, ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగండి. మరుగుదొడ్లు మీరే చూడండి. గదికి ఎంతమంది, కిటికీలు తెరుచుకుంటాయా, కిటికీలకు దోమతెరలు ఉన్నాయా గమనించండి. రాత్రివేళ జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారో అడగండి. వీలైతే మెస్‌లో ఒకపూట భోజనం చేయండి. అక్కడ ఉండే పిల్లలతో రెండు మాటలు మాట్లాడండి. వాళ్లు చెప్పేది ఏ కాగితంలోనూ ఉండదు.

మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి

హాస్టలు లేదా ఇల్లు అన్న రెండే దారులు లేవు. దగ్గరి బంధువుల ఇల్లు, ఇద్దరు ముగ్గురు తెలిసిన పిల్లలు కలిసి గది తీసుకోవడం, సోమవారం వెళ్లి శనివారం రావడం, ఆ టౌనులోని సంఘ కుటుంబం ఇంట ఉండటం వంటివి ఆలోచించవచ్చు. బంధువుల ఇంట ఉంచితే పిల్లకు చదువుకొనే చోటు, సమయం ఉంటాయో లేదో ముందే మాట్లాడుకోండి. లేకపోతే మొహమాటంతో ఇంటిపనులకే రోజంతా సరిపోతుంది.

మా అనుభవంలో సుమారుగా చెప్పేది ఇది. రానుపోను 2 గంటల లోపు అయితే ఇంటి నుండి వెళ్లడం చాలామందికి మేలు. ఇంటి తిండి, అమ్మానాన్నల నీడ చిన్నవి కావు. 3 గంటలు దాటితే, ముఖ్యంగా ల్యాబులు, ఆస్పత్రి డ్యూటీలు ఉండే చదువులకు, దగ్గరలో ఉండటమే మేలు. ఈ రెండింటి మధ్య ఉంటే పిల్ల ఆరోగ్యం, స్వభావం చూసి నిర్ణయించండి. ఏది ఎంచుకున్నా మూడు నెలల తరువాత మళ్లీ కూర్చొని మాట్లాడుకోండి. బరువు తగ్గిందా, నిద్ర సరిపోతోందా, నవ్వుతోందా చూడండి. నిర్ణయం మార్చుకోవడం ఓటమి కాదు.

ఇక ఆ అమ్మాయి విషయం. ఐరన్ మాత్రలు రాసి, వాటిని టీతో కాక నిమ్మరసంతో వేసుకోమని చెప్పి, చివరిగా ఆమెనే అడిగాం, "నీకు ఎలా ఉంటే బాగుంటుందమ్మా?" అని. తల్లిదండ్రులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతవరకు ఆ మాట ఎవరూ ఆమెను అడగలేదు. "నాన్న అక్కడికి వచ్చి ఒకసారి చూస్తే ఆయనకు భయం పోతుందండి. నాకు ఆదివారాలు ఇంటికొస్తే చాలు" అన్నది మెల్లగా. ఆ తండ్రి హాస్టలుకు వెళ్లి, మెస్‌లో కూర్చొని భోజనం చేసి వచ్చాడట. దసరా సెలవుల తరువాత అమ్మాయి హాస్టలులో చేరింది. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 11.2కు వచ్చింది, ఇంకా మందు వాడుతోంది. శనివారం సాయంత్రం పొన్నూరు బస్టాండులో ఆయనే ఎదురుచూస్తూ నిలబడుతున్నాడు.

మీ ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు బస్సు వేళలు, ఫీజుల కాగితాలు ముందు పెట్టుకోండి. వాటితోపాటు మీ అబ్బాయినో అమ్మాయినో కూడా పక్కన కూర్చోబెట్టుకొని అడగండి.