దారిలో నొప్పి మాత్ర కొంటున్నారా? ముందు మందు పేరు చూడండి

హైదరాబాద్–భూపాలపట్నం జాతీయ రహదారి (163)పై తెలంగాణ సరిహద్దు దాటగానే వచ్చే ఊరు తర్లగూడ. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉంది. మిర్చి ఏరేందుకు బస్తర్ కూలీలు ఏటా ఇలాంటి సరిహద్దు దారుల్లోనే తెలంగాణకు వస్తుంటారు. ప్రయాణంలో ఒళ్లు నొప్పులు, జ్వరం వస్తే చాలామంది దుకాణంలో ఇచ్చిన మాత్ర వేసుకుని సాగిపోతారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఊరు మారితే బ్రాండ్ మారుతుంది. అందుకే స్ట్రిప్‌పై అసలు మందు పేరు చదవాలి, లేదా చదివించుకోవాలి. పారాసిటమాల్‌నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. పెద్దలు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే, మళ్లీ వేసుకోవడానికి కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి. రోజుకు 4 గ్రాములు మించితే కాలేయానికి ముప్పు. మద్యం అలవాటున్నవారికి అంతకన్నా తక్కువే హద్దు. అసెక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ కలిసి ఉండొచ్చు. అది తెలియక రెండూ వేసుకుంటే మోతాదు పెరిగిపోతుంది.

డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని కేంద్రం 2011లోనే నిషేధించింది.

బస్తర్ మలేరియా ప్రాంతం. మాత్రతో జ్వరం తగ్గినా మలేరియా తగ్గదు. జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌ను, తెలంగాణలో ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపుతారు.