దీపము చెప్పే వార్త

చిమ్మట అనగానే మనకు పెట్టెలోని బట్టలు కొరికే పురుగు గుర్తుకు వస్తుంది. పరిశుద్ధ గ్రంథములో మనము చదివిన చిమ్మట అదే. కాని సాయంకాలము దీపము వెలిగించగానే చుట్టూ మూగే రెక్కల పురుగులు ఎన్నో జాతులవి. వాటిలో కొన్ని మన చేలో పుట్టినవి కావు, గాలివాటున దూరము నుండి వచ్చినవి.

కత్తెర పురుగునే చూడండి. దాని పుట్టినిల్లు అమెరికా ఖండములు. 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలో కనబడి, ఆ ఏడే తెలంగాణ మొక్కజొన్న చేలకు చేరినది. దాని తల్లి పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల వరకు ఎగరగలదు.

జీడిమెట్లకు పడమట, పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్‌లో శాస్త్రజ్ఞులు దీపపు ఎరలు పెట్టి, రాత్రికెన్ని శనగపచ్చ పురుగులు పడినవో ఏళ్ల తరబడి లెక్క వ్రాసినారు. కంది, శనగ, పత్తి, టమాటలను తొలిచేది ఈ పురుగే.

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో ఏ కుటుంబమైనను ఈ లెక్క వ్రాయవచ్చును. వీధి దీపముల వెలుగు పడని చోట ఒక బల్బు వ్రేలాడదీసి, వెనుక తెల్లని దుప్పటి కట్టండి. చీకటి పడిన తరువాత రెండు గంటలు చాలును. తేదీ, గాలి, వాన, వెన్నెల, పురుగుల సంఖ్య నోటుపుస్తకములో వ్రాయండి. వెన్నెల రాత్రులలో పురుగులు తక్కువ పడతాయి, కనుక ఆ మాట వ్రాయుట మరువకండి. మేలుచేసే పురుగులు కూడ వస్తాయి. లెక్కించి దీపము ఆర్పితే అవి వెళ్లిపోతాయి.

ఇందువలన ప్రయోజనమేమి? కొన్నాళ్లు రెండు మూడే పడి, ఒక రాత్రి అకస్మాత్తుగా పదుల సంఖ్యలో పడినచో, బయటినుండి గుంపు వచ్చి ఉండవచ్చును. గ్రుడ్లు మూడు నాలుగు రోజులలో పగులుతాయి. మరునాడే చేనులోనికి వెళ్లి ఆకుల మీద గ్రుడ్లకై వెదకండి. పిల్లపురుగు దశలో వేపమందు పనిచేస్తుంది. పెరిగి కాయలో దూరిన తరువాత ఏ మందూ దానిని సరిగా తాకదు. గ్రుడ్లు కనబడకపోతే ఆ మందు ఖర్చు మిగిలినట్లే.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలను పొగాకు లద్దెపురుగు తినివేసినప్పుడు, అప్పు తెచ్చి మందుపై మందు కొట్టినా పంట దక్కక అనేకమంది రైతులు ప్రాణములు తీసుకొన్నారు. ఒక నోటుపుస్తకము ఆ అప్పులను తీర్చగలిగేది కాదు. అయితే మందు ఎప్పుడు అవసరమో, ఎప్పుడు అనవసరమో అది ముందుగా చెప్పగలదు. ఈ రాత్రి మీ పిల్లల చేతికి ఒక పెన్సిలు ఇచ్చి, మొదటి లెక్క వ్రాయించండి.