కడుపు వెనుక దాగిన క్లోమము

కడుపునొప్పి అనగానే మన పల్లెలలో ముందుగా వినిపించే మాట గ్యాసు. సోడా త్రాగుతారు, వాము నములుతారు, ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు చేత ఒక సూది వేయించుకొని పొలానికి వెళ్లిపోతారు. చాలాసార్లు దానితోనే తగ్గుతుంది కూడా. అయితే తగ్గని నొప్పి ఒకటున్నది. అది రొమ్ము ఎముక క్రింద, పై పొట్టలో మొదలై వీపులోనికి పోట్లుగా పోతుంది. వెల్లకిల పడుకొంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కొంత ఓర్చుకోగలరు. వాంతులు ఆగవు. ఈ గుర్తులు కనబడినప్పుడు సోడాతో కాలము గడపరాదు. అది క్లోమము వాచిన నొప్పి కావచ్చును.

డాక్టర్లు పాంక్రియాస్ అని పిలిచేది ఈ క్లోమమునే. గుండె, కాలేయము, మూత్రపిండములు అందరికీ తెలుసు గాని, బడి పుస్తకము మూసిన తరువాత దీని పేరు తలచేవారు తక్కువ. ఇది జీర్ణాశయము వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగా సుమారు 15 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. బరువు 100 గ్రాములకు అటూ ఇటూ. ఇంత చిన్న గ్రంథి రోజుకు సుమారు లీటరున్నర జీర్ణరసమును తయారుచేసి సన్నని నాళము గుండా చిన్న ప్రేగులోనికి పంపుతుంది. మనము తిన్న అన్నము, పప్పు, నూనె అరగడానికి ఆ రసము కావాలి. దీని రెండవ పని ఇన్సులిన్‌ను రక్తములోనికి వదలడము. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మను వైద్య విద్యార్థి క్లోమములో చిన్న దీవుల వంటి కణముల గుంపులను చూచాడు గాని, అవి ఎందుకున్నవో ఆయనకు అంతుపట్టలేదు. 1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమము నుండి ఇన్సులిన్‌ను తీశారు. 1922 జనవరిలో చక్కెర వ్యాధితో చావుకు దగ్గరైన 14 ఏండ్ల బాలునికి మొదటి సూది వేశారు. ఆ బాలుడు బ్రతికాడు.

క్లోమరసము చాలా తీక్షణమైనది. ప్రేగులోనికి చేరేవరకు అది నిద్రపోతున్నట్లే ఉండాలి. ఏ కారణము చేతనైనా గ్రంథిలోనే మేలుకొంటే, పొయ్యిలో ఉండవలసిన నిప్పు తాటాకు కప్పుకు అంటుకొన్నట్లే. ఆ రసము తన గ్రంథినే తినివేస్తుంది. హఠాత్తుగా వచ్చే ఈ వాపుకు ముఖ్య కారణములు రెండు: పిత్తాశయములోని రాళ్లు, సారాయము. పిత్తాశయము నుండి జారిన చిన్న రాయి, పైత్యరసము క్లోమరసము కలిసే ద్వారమునకు అడ్డుపడుతుంది. చుక్క ముట్టని స్త్రీలకు ఈ వ్యాధి రావడానికి తరచుగా ఇదే కారణము. రక్తములో క్రొవ్వు విపరీతముగా పెరగడము, కొన్ని మందులు, పురుగుమందు విషము వలన కూడా రావచ్చును.

రక్తములో అమైలేజు, లైపేజు ఉండవలసిన దానికంటే మూడింతలు లేక అంతకు మించి ఉంటే డాక్టర్లకు సంగతి తెలుస్తుంది. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తారు, నొప్పికి మందిస్తారు. పూర్వము రోజుల తరబడి నోటికి ఏమియు ఇవ్వకుండా ఉంచేవారు. ఇప్పుడు వాంతులు తగ్గి ఆకలి వేయగానే తేలికైన ఆహారము మొదలుపెడుతున్నారు. ఎక్కువమంది వారము, పది దినములలో కోలుకొంటారు. కొందరికి మాత్రము ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతిని ప్రాణము మీదికి వస్తుంది. రాళ్లే కారణమైతే, నొప్పి తగ్గింది గదా అని పిత్తాశయమును అలాగే ఉంచుకొని ఇంటికి వస్తే మరల వచ్చే ప్రమాదమున్నది. ఆపరేషను వాయిదా వేయకూడదు.

దీర్ఘకాలపు వాపు మరొక రకము. ఏండ్ల తరబడి గ్రంథి కొంచెము కొంచెముగా గట్టిపడి, నాళములో రాళ్లు ఏర్పడతాయి. నొప్పి వచ్చి పోతుంది. మలము నూనె తేలినట్లుండి నీళ్లు పోసినా పోదు. మనిషి చిక్కిపోతాడు, తరువాత చక్కెర వ్యాధి వస్తుంది. మద్యము దీనికి పెద్ద కారణమే. బీడీ, చుట్ట, సిగరెట్టు దానిని ఇంకా త్వరపెడతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఎన్నడూ త్రాగని పిల్లలకు, యౌవనస్థులకు కూడా ఈ వ్యాధి వస్తుంది. 1959లో జూయిడెమా అనే డాక్టరు ఇండోనేషియాలో ఇట్టి రోగులను గూర్చి వ్రాశాడు. తరువాత కేరళలో డాక్టరు గీవర్గీస్ ఎంతోమందిలో దీనిని పరిశీలించారు. మొదట కర్రపెండలమును అనుమానించారు గాని అది రుజువు కాలేదు. కొందరిలో జన్యువుల లోపము కలదని 2000 తరువాతి పరిశోధనలు చూపించాయి. కాబట్టి కడుపు పట్టుకొని మంచమెక్కిన కుర్రవానిని చూచి, "చాటుగా త్రాగుతున్నాడేమో" అని గుసగుసలాడడము అన్యాయము. మేము దర్శించిన కొన్ని ఇండ్లలో తల్లిదండ్రులు ఆ నిందకు జడిసి బిడ్డ జబ్బును దాచిపెడుతున్నారు. చికిత్స ఆలస్యమవడానికి అదియు ఒక కారణము.

నాళములోని రాళ్లను శరీరము కోయకుండ, బయటినుండి తరంగములతో పగులగొట్టి, ఎండోస్కోపీ గొట్టముతో తీస్తారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఈ చికిత్సకు పేరుపొందినది. అరుగుదలకు ఇచ్చే క్లోమరసపు గొట్టాలు పరగడుపున మ్రింగితే ప్రయోజనము లేదు, అన్నముతో కలిపి వేసుకోవాలి. (అవి పంది క్లోమము నుండి తీసినవి. అభ్యంతరమున్నవారు ముందే డాక్టరుతో చెప్పాలి.) ఇన్సులిన్ వేసుకొనే రోగి డాక్టరును అడగకుండ ఉపవాస ప్రార్థనలకు కూర్చుండరాదు, చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. పులిసిన ద్రాక్షారసము వాడే సంఘములలో, మద్యము మానవలసిన ఈ రోగికి పులియని రసము వేరుగా ఇవ్వడము కష్టమేమీ కాదు.

త్రాగుడు మానిపించే విషయములోను జాగ్రత్త అవసరము. ఏండ్ల తరబడి రోజూ త్రాగినవానిచేత ఒక్క రాత్రిలో ఒట్టు పెట్టించి ఇంటికి పంపితే, రెండు మూడు రోజులలో వణుకు, ఫిట్సు, మతిభ్రమ రావచ్చును. మానవలసినదే, అయితే డాక్టరు చేతుల మీదుగా మానాలి.

క్యాన్సరు గూర్చి కొంచెమే చెబుతాము. నొప్పి లేకుండ వచ్చే పచ్చకామెర్లు, తెల్లబడిన మలము, కారణము లేకుండ తగ్గే బరువు, 50 దాటిన తరువాత క్రొత్తగా వచ్చిన చక్కెర వ్యాధి: ఈ గుర్తులున్నవారు పసరు మందుతో వారములు గడపక స్కానింగు చేయించుకోవాలి. 1935లో అమెరికాలో డాక్టరు విపుల్ ప్రచురించిన ఆపరేషను నేటికీ దీనికి ఆధారము, అయితే గడ్డ వ్యాపించక ముందే అది సాధ్యము.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత స్కానింగు కాగితములు, మందుల చీటీలు ఒక సంచిలో పెట్టుకొని వెళ్లండి. ప్రభుత్వ పథకము క్రింద ఏ చికిత్స ఉచితమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ఎంత త్రాగేది, ఎన్నాళ్లుగా త్రాగేది డాక్టరు అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఇంటివారి ఎదుట చెప్పడానికి సిగ్గయితే, వారిని కాసేపు బయట ఉండమని కోరవచ్చును.