వెల – విలువ: ఆటగాళ్ల ఎంపికలో తక్కువ అంచనా స్వరూపం

వ్యాససంగ్రహం:
ఫాంటసీ క్రీడల్లోనూ, వృత్తి క్రికెట్ వేలంలోనూ ‘తక్కువ అంచనాకు గురైన ఆటగాడు’ అనే భావన తరచుగా వినిపిస్తుంది. ఆ తక్కువతనం ఆటగాడి గుణం కాదని, అతని వెలకూ అతను చేయగల పనికీ నడుమ ఉన్న ఎడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ఎడం ఎలా ఏర్పడుతుందో, ఎలా కొలవవచ్చో ఉత్తర కోస్తా క్రికెటర్ల ఉదాహరణలతో వివరిస్తుంది.

కీలక పదాలు: వెల, విలువ, వేలం, ఫాంటసీ క్రీడ, ప్రత్యామ్నాయ స్థాయి, అవకాశం.

ఉపోద్ఘాతం:
వెల, విలువ అనే మాటలను నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులుగా మరొకటి వాడుతుంటాం. అయినా వాటి అర్థాలు వేరు. వెల బజారులో తేలుతుంది. విలువ పనిలో తేలుతుంది. ఆటగాళ్ల ఎంపికను చర్చించేటప్పుడు ఈ భేదాన్ని విస్మరిస్తే అసలు విషయమే చేజారుతుంది. (‘వేలం’ అనే మాట కూడా పోర్చుగీసు వర్తకుల నుంచి మన తీరానికి చేరినదే. బజారు భాష మనకు కొత్త కాదు.)

ఫాంటసీ క్రీడ అంటే నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టును కూర్చుకోవడం. మైదానంలో వారు చేసే పరుగులు, తీసే వికెట్లు, కొట్టే గోల్స్ ఆ జట్టుకు పాయింట్లుగా జమ అవుతాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ క్రీడకు 1962లో ఓక్లాండ్‌కు చెందిన బిల్ వింకెన్‌బాక్, అతని మిత్రులు రూపకల్పన చేశారు. 1980లో డేనియల్ ఓక్రెంట్ బృందం బేస్‌బాల్‌లో దీనికి వేలం పద్ధతిని జోడించింది. మన దేశంలో ఇది ప్రధానంగా క్రికెట్ రూపంలో వ్యాపించింది. డబ్బు పందెంతో సాగే రూపాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టసవరణ ద్వారా నిషేధించగా, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఇక్కడి చర్చ పందెం లేని ఆటకూ, దానికి మాతృకయైన నిజమైన వేలానికీ పరిమితం.

ప్రత్యామ్నాయ స్థాయి:
వంతుల పద్ధతిలో పాల్గొనేవారు ఒకరి తర్వాత ఒకరు ఆటగాళ్లను ఎంచుకుంటారు. మొదటి చుట్టులో ముందున్నవారు రెండవ చుట్టులో చివరికి వెళతారు. ఒకరు ఎంచుకున్న ఆటగాడు మరొకరికి దొరకడు. ఈ చివరి నియమమే మొత్తం లెక్కను మారుస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. పదిమంది ఆడుతున్నారు. ఒక్కొక్కరికి ఒక వికెట్‌కీపర్, ముగ్గురు ఆల్‌రౌండర్లు కావాలి. కీపర్లలో మొదటివాడు సీజన్‌కు 600 పాయింట్లు తెస్తాడు, పదవవాడు 540 తెస్తాడు. ఆల్‌రౌండర్లలో మొదటివాడు 570, ముప్పయ్యవవాడు 330 తెస్తారు. పైకి చూస్తే 600 పాయింట్ల కీపరే మేలు. కానీ అతన్ని వదులుకున్నవారికి కూడా చివరికి 540 పాయింట్ల కీపర్ దొరుకుతాడు. అంటే నష్టం 60 మాత్రమే. ఆల్‌రౌండర్‌ను వదులుకుంటే 240 దాకా నష్టం రావచ్చు. ఒక ఆటగాడి విలువ అతను తెచ్చే మొత్తం కాదు. అతను లేనప్పుడు సులభంగా దొరికే మరొకడి కంటే అతను ఎంత ఎక్కువ తెస్తాడన్నదే. ఈ మరొకడి స్థాయినే ప్రత్యామ్నాయ స్థాయి అంటున్నాం. మా విద్యార్థుల్లో కొందరు గణవిభజన కంటే ఈ లెక్కను త్వరగా పట్టుకుంటారు. అయితే వారు కూడా మొదటి ఎంపికలో పేరునే చూస్తారు, ఎడాన్ని కాదు.

తక్కువ అంచనా ఎక్కడ పుడుతుంది?
విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 2017–18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్‌పై చేసిన 441 పరుగుల ఇన్నింగ్స్ కూడా ఉంది. అండర్–16 విభాగంలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా భారత క్రికెట్ బోర్డు పురస్కారం పొందాడు. ఇదంతా బహిరంగ సమాచారమే. అయినా 2022 డిసెంబరులో కొచ్చిలో జరిగిన ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ జట్టు అతన్ని కనీస ధర 20 లక్షలకే తీసుకుంది. 2023లో ఆడించినవి రెండే మ్యాచ్‌లు. 2024లో నాలుగో స్థానంలో బ్యాటింగ్‌కు పంపినప్పుడు 303 పరుగులు చేసి, ఆ సీజన్‌కు ఉత్తమ వర్ధమాన ఆటగాడిగా నిలిచాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. 2023కూ 2024కూ నడుమ అతని ప్రతిభ ఒక్కసారిగా పెరగలేదు. పెరిగినది అవకాశం. కాబట్టి తక్కువ అంచనాకు గురైన ఆటగాణ్ణి వెతికేవారు మొదట అడగవలసిన ప్రశ్న ‘ఇతను ఎంత బాగా ఆడతాడు?’ అన్నది కాదు, ‘ఇతనికి ఎన్ని బంతులు దక్కబోతున్నాయి?’ అన్నది. బ్యాటింగ్ క్రమంలో మార్పు, చివరి ఓవర్ల బాధ్యత కొత్తగా చేతికి రావడం, జట్టులో ఒకరి గాయం మరొకరికి చోటు కావడం వంటివి వెలలోకి ఆలస్యంగా చేరతాయి. నిన్నటి మ్యాచ్ మాత్రం వెంటనే చేరుతుంది. ఈ కాలవ్యత్యాసమే ఎడానికి పుట్టుక.

అదే ఆటగాణ్ణి తర్వాతి సీజన్‌కు జట్టు 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2025లో అతను చేసినవి 182 పరుగులు. బౌలింగ్ కూడా చాలా తక్కువగానే చేశాడు. 20 లక్షలకు అపూర్వమైన లాభం అనిపించినవాడు 6 కోట్లకు ఆ లాభాన్ని ఇవ్వలేదు. నేను దీన్ని ఆటగాడి వైఫల్యంగా చదవను. అంతకుముందు డిసెంబరులోనే అతను మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. మారినది వెల.

అంకెలతో వచ్చే చిక్కు కూడా ఉంది. 2024లో కోల్‌కతా జట్టులో మిచెల్ స్టార్క్ వెల 24.75 కోట్లు, హర్షిత్ రాణా వెల 20 లక్షలు. స్టార్క్‌కు 17 వికెట్లు, రాణాకు 19 వికెట్లు. ఫాంటసీ లెక్కలో ఇది ఏకపక్షమైన తీర్పు. కానీ మొదటి క్వాలిఫయర్‌లోనూ, ఫైనల్‌లోనూ ‘ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్’ స్టార్కే. లీగ్ దశలో తీసిన వికెట్‌కూ ఫైనల్‌లో తీసిన వికెట్‌కూ పాయింట్ల పట్టికలో తేడా లేదు, కప్పు గెలవవలసిన జట్టుకు ఉంది. ఊహాజట్టుకు చవక అయినది ప్రతిసారీ నిజమైన జట్టుకు చవక కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

ఉత్తర కోస్తా సందర్భం:
దూరం వెలను తగ్గిస్తుంది. మహానగరాల మైదానాల్లో ఆడేవారిని పరిశీలకులు పదేపదే చూస్తారు. జిల్లా మైదానాల్లో ఆడేవారిని ఒకటి రెండుసార్లే చూస్తారు. తక్కువసార్లు చూసినవాడి విషయంలో సందేహం ఎక్కువ కనుక కొనేవారు ఆ సందేహాన్ని ధరలోంచి తీసివేస్తారు. 2022లో విశాఖపట్నంలో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైన తర్వాత ఈ స్థితి కొంత మారింది. మైదానం మన దగ్గరికి వచ్చింది, చూసే కళ్లు కూడా పెరిగాయి.

ఎచ్చెర్ల మీదుగా సాగే జాతీయ రహదారిపైనే ఉత్తరాన ఉన్న టెక్కలికి చెందిన ఆఫ్‌స్పిన్నర్ త్రిపురాన విజయ్‌ను 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో ఢిల్లీ జట్టు 30 లక్షలకు తీసుకుంది. అది ఆ వేలంలో అతి తక్కువ కనీస ధర. అదే వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు కొన్నది. జిల్లాలో చాలామంది విజయ్‌ను ‘తక్కువకు పోయాడు’ అన్నారు. అభిమానం అర్థం చేసుకోదగినదే. కానీ తక్కువ వెల, తక్కువ అంచనా ఒకటి కావు. 30 లక్షలు అతని ప్రతిభకు కట్టిన తూకం కాదు. అతనికి ఎన్ని ఓవర్లు ఇస్తారో ఎవరికీ తెలియని రోజున పలికిన మాట. ఆ ఓవర్లు చేతికి వచ్చిన తర్వాతే ఎడం ఉన్నదా లేదా అన్నది కొలవగలం.