ఎడారి దారిలో యాత్రకీర్తనలు

బైబిలులోని 150 కీర్తనలలో 120 నుండి 134 వరకు గల పదిహేనింటికి ‘యాత్రకీర్తన’ అని శీర్షిక వున్నది. పండుగలకు యెరూషలేము నడిచివెళ్ళే యాత్రికులు వీటిని పాడుకొనేవారని చాలామంది పండితుల అభిప్రాయం. సైన్సు విద్యార్థికి వీటితో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని వున్నది. ఆ దారి ఎట్లాంటిదో తెలిస్తేగాని ఆ కవిత్వం పూర్తిగా అందదు.

యెరికో పట్టణం సముద్రమట్టానికి సుమారు 250 మీటర్లు దిగువన వున్నది. యెరూషలేము దాదాపు 750 మీటర్లు ఎగువన. అంటే పాతిక కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్ల ఎక్కుడు! మధ్యధరా సముద్రం నుండి వచ్చే మేఘాలు కొండలకు పడమటి వైపే కురిసిపోతాయి. యెరూషలేములో ఏడాదికి 500 మి.మీ. పైగా పడే వాన, యెరికోలో 200 మి.మీ. కూడా వుండదు. పడమటి కనుమల చాటున మన దక్కనుకు వాన తగ్గడం కూడా ఇటువంటిదే.

126వ కీర్తనలో రెండు పోలికలున్నాయి. మొదటిది నెగెబు ఎడారి వాగులు. అక్కడి మట్టి తడవగానే పైన పెచ్చుకడుతుంది. నీరు ఇంకదు, జారిపోతుంది. ఎండిన వాగు గంటల్లో పొంగుతుంది. రెండవది, ఏడుస్తూ విత్తేవాడు. మొదటిది ఒక్కసారిగా వచ్చే వరం. రెండవది నెలలు కాచుకోవలసిన ఫలం.

విత్తేవాడు ఏడవడమెందుకు? కీర్తనలో కారణం లేదు. రైతుబిడ్డగా నాకు తోచినది ఇది. అక్కడ ఎండకాలం నాలుగైదు నెలలు చినుకుండదు. తొలివాన పడి విత్తే వేళకు గాదె అడుగంటుతుంది. చేతిలో వున్న గింజలే విత్తనం, అవే పిల్లల తిండి. మా కర్దనూరులో నాయన అంటాడు: “కరువుల ఇత్తనపు జొన్నలు తింటే ముందటేడు ఏం తింటం? అందుకే మీ నాయనమ్మ ఆ కుండ మూతి పేడతోని అలికేది.”

హెబ్రీ కవిత్వానికి ప్రాణం భావాల జంట. ఒక పాదం చెప్పినదాన్ని రెండవ పాదం మరోలా చెబుతుంది, లేదా ఎదురు తిప్పుతుంది. 1753లో రాబర్ట్ లౌత్ అనే ఆంగ్లేయుడు దీనిని విశదీకరించాడు. యతిప్రాసలు భాష మారితే పోతాయి, భావాల జంట పోదు. అందుకే ఆ కన్నీరూ, ఆ పంటా తెలుగులోనూ నిలిచాయి.

పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ఇప్పటికీ జొన్న మీద పరిశోధిస్తున్నది. కాని మా చుట్టూ ఫ్యాక్టరీలు, ప్లాట్లు పెరిగి చేలు తగ్గాయి. తిండికీ విత్తనానికీ నడుమ నలిగిన మనిషిని ఎరుగని తరానికి ఈ కీర్తన కేవలం అందమైన మాటగా మిగలవచ్చు. అర్థం చెప్పగల పెద్దలు ఇంకా వున్నారు, అడిగి తెలుసుకొందాం.