పులి ఫొటో: కెమెరా చూసేది వేడిని కాదు

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వులో రాత్రిపూట తిరిగే పెద్దపులి ఆచూకీ తీసేది బాటల వెంట చెట్లకు కట్టిన కెమెరా ట్రాపులే. వాటి ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ గురించి జనంలో తిరిగే మాటలు చాలావరకు పొరపాటువి.

అపోహ: ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము ఒంటి వేడిని ఫొటో తీస్తుంది.

వాస్తవం: తక్కిన పొరపాట్లకు వేరు ఇదే. పులి ఒంటి వేడి వెలువడే తరంగాల పొడవు సుమారు 10 మైక్రాన్లు. కొడాక్ 2007లో ఆపేసిన హై స్పీడ్ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము పట్టగలిగింది 0.9 మైక్రాను దాకానే. కటిక చీకట్లో ఆ ఫిల్ముకు పులి ఉన్నట్టే తెలియదు, ఫ్లాష్ వెలగాల్సిందే. ఫ్లాష్ ముందు ముదురు ఫిల్టర్ బిగిస్తే కంటికి కనిపించే వెలుగు ఆగిపోయి ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే బయటికొస్తుంది. న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ వీజీ 1940ల్లో సినిమా హాలు చీకట్లో ప్రేక్షకులను ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్‌తోనే తీశాడు.

మరి ట్రాపు వేడిని పసిగడుతుంది కదా అంటారు. నిజమే, కానీ ఆ సెన్సర్ వేరు. అది బొమ్మ తీయదు, కెమెరాను నిద్ర లేపుతుందంతే. కదిలే ఒంటికీ చుట్టుపక్కలకూ వేడిలో తేడా ఉంటేనే దానికి తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం నల్లమల బండలు మాడిపోతున్నప్పుడు ఆ తేడా సన్నబడి, జంతువు ఎదురుగా నడిచిపోయినా కెమెరా లేవకపోవచ్చు.

అపోహ: ఇప్పటి ట్రాపుల్లోనూ ఉన్నది ఆ ఫిల్మే.

వాస్తవం: కాదు, సిలికాన్ సెన్సర్. 1 మైక్రాను దగ్గరి దాకా దానికి పుట్టుకతోనే చూపుంది.

అపోహ: ఆ ఫ్లాష్ ఎవరి కంటికీ ఆనదు.

వాస్తవం: 850 నానోమీటర్ల ఎల్ఈడీలు సూటిగా చూస్తే మనకే మసక ఎరుపుగా కనిపిస్తాయి. 940 రకంలో ఆ ఎరుపు కనబడదు, కాకపోతే వెలుగు అందే దూరం తగ్గుతుంది.

అపోహ: పులుల లెక్కకు ఇన్‌ఫ్రారెడే మేలు.

వాస్తవం: ఒక పులిని ఇంకో పులి నుంచి వేరుచేసేవి చారలు. కుడి పక్క చారలు ఎడమ పక్కవాటితో కలవవు, అందుకే బాటకు అటొకటి, ఇటొకటి కెమెరా కడతారు. ఇన్‌ఫ్రారెడ్‌లో రంగు రాదు. పైగా వెలుగు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటే, నడిచే పులి చారలు అలుక్కుపోతాయి. తెల్ల ఫ్లాష్ రెప్పపాటుకన్నా తక్కువ సేపు వెలిగి చారను చారగా నిలబెడుతుంది. వేటగాళ్ల కంట పడకూడని చోట 940 పెట్టడం సబబు. లెక్కకు మాత్రం నేను తెల్ల ఫ్లాష్ వైపే.