మీకు తెలుసా? నిర్మల్ బొమ్మకూ, ఎలక్ట్రిక్ గిటారుకూ రంగు చుట్టరికం!

• పాత ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ కొయ్యబొమ్మలకు వాడేది తేలికైన పొనికి కర్ర. ముక్కలు అతకడానికి, సందులు పూడ్చడానికి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూస్తారు. ఆరాక నునుపు చేసి, తెల్ల పూత వేశాకే రంగుల వంతు.

• నిర్మల్ కళాకారులు వాడే డ్యూకో నిజానికి కార్ల రంగు. అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ 1920లలో తెచ్చింది. అప్పటిదాకా వారాలు పట్టే కారు రంగు దీంతో చకచకా ఆరిపోయింది.

• 1960ల నాటి ఫెండర్ గిటార్ల ప్రత్యేక రంగుల్లోనూ డ్యూకో ఉంది.

• ఈ రంగును పలక మీద ఒలకబోసి చూసినవాడు మెక్సికో చిత్రకారుడు సికేరోస్. 1936లో న్యూయార్క్‌లో ఆయన నడిపిన వర్క్‌షాప్‌కు జాక్సన్ పొలాక్ కూడా వచ్చాడు.

• ఒలికిన రంగులో కన్నులు, తీగలు ఎలా పుడతాయి? బరువైన రంగు పైన, తేలికది కింద ఉంటే పైది దిగబడుతుంది, కిందిది పైకి తన్నుకొస్తుంది. 2015లో మెక్సికో శాస్త్రవేత్తలు ప్రయోగాలతో తేల్చిన సంగతిది.

• గిటారు మీద రంగుల సుడులు తెప్పించడానికి మరో దారి: బోరాక్స్ కలిపిన నీళ్ల మీద ఎనామిల్ చుక్కలు తేల్చి, పుల్లతో కదిపి, గిటారు చెక్కను మెల్లగా ముంచుతారు. ఏ రెండూ ఒకేలా రావు.

• ప్రయత్నిస్తారా? ముందు పనికిరాని చెక్క మీద చూడండి. గాలి ఆడేచోట, మంటకు దూరంగా, మాస్కు పెట్టుకుని చేయండి.